ఎముక ఆగుతుంది, కండ ఆగదు

సంక్రాంతి దగ్గరపడింది. మేడల మీద పతంగులు, చిత్తూరు వైపు ఊళ్లలో పశువుల పండగలు, సెలవులకు వచ్చిన పిల్లలు చెట్ల మీదా గోడల మీదా. ఈ పండగ రోజుల్లో చేతులు విరగడం మామూలే. విరిగినందుకు మరీ బెంబేలెత్తనక్కర్లేదు. పిల్లల ఎముకలు చాలావరకు మూడు నుంచి ఆరు వారాల్లో అతుక్కుంటాయి. భయపడాల్సింది ఆ తర్వాత మనం కట్టే కట్టుకు. బిగిసిపోయిన కట్టు కింద రక్తం ఆడకపోతే కండ సుమారు ఆరు గంటల్లో కోలుకోలేని స్థితికి చేరుతుంది. ఎముక చక్కగా అతుక్కుని, చెయ్యి మాత్రం జన్మంతా పనికిరాకుండా పోయిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

అందుకని మిగతాది తీరిగ్గా చదువుకోండి, ముందు ఈ మాట వినండి. కట్టు కట్టాక నొప్పి తగ్గాలి. తగ్గకపోగా గంటగంటకూ పెరుగుతోందంటే, వేళ్లను మెల్లగా చాపబోతే పిల్లవాడు కెవ్వుమంటున్నాడంటే, ఆ కట్టును అప్పటికప్పుడు విప్పించాలి. కట్టింది ఎవరైనా సరే, అది అర్ధరాత్రి అయినా సరే. తెల్లారాక చూద్దాం అనుకునే వ్యవధి అక్కడ లేదు.

ఎందుకంత తొందరో తెలియాలంటే చెయ్యి ఎలా కదులుతుందో చూడాలి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని, మోచేతికి కాస్త దిగువన, పట్టుకోండి. కుడి పిడికిలి బిగించి వదలండి. కదులుతున్నవి వేళ్లు, మీ చేతి కింద ఉబ్బి అణుగుతున్నది మాత్రం ముంజేతి కండ. వేళ్లలో అసలు కండలు లేవు. అరచేతిలో చిన్నవి కొన్ని ఉన్నాయి గానీ, పలుగు పట్టడానికి, బిందె మొయ్యడానికి కావలసిన బలమంతా ముంజేతిలోనే ఉంది. అక్కడి కండల నుంచి బయల్దేరిన స్నాయువులు మణికట్టు లోపలి నుంచి సాగి వేళ్ల ఎముకలకు అతుక్కుంటాయి. కండ బిగిస్తే స్నాయువు లాగుతుంది, కీలు దగ్గర ఎముక వంగుతుంది.

కండకు లాగడం ఒక్కటే తెలుసు, నెట్టడం రాదు. అందుకే కండలకు ఎదురు కండలుంటాయి. జబ్బ ముందుభాగం కండ లాగితే మోచెయ్యి ముడుచుకుంటుంది, వెనక కండ లాగితే చాచుకుంటుంది. ముంజేతి లోపలి వైపు కండలు వేళ్లను ముడుస్తాయి, పై వైపువి తెరుస్తాయి. కోడి రెక్కకైనా, ఎద్దు కాలికైనా, మనిషి వేలికైనా ఏర్పాటు ఇదే. మన ఒంట్లో 206 ఎముకలుంటే వాటిని ఆడించే కండలు ఆరువందలకు పైమాటే. ఒక జతలో ఒకటి చచ్చిపోతే రెండోదానికి ఎంత బలమున్నా ఆ కీలు చేసేదేమీ ఉండదు.

దెబ్బ తగిలినప్పుడు ఎముకకూ కండకూ ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. ఎముకది అరుదైన గుణం. విరిగిన చోట ముందు రక్తం గడ్డకట్టి, దాని చుట్టూ మెత్తటి పదార్థం పేరుకుని, అది మెల్లగా గట్టిపడి, చివరికి పాత ఎముకలాంటి ఎముకే తయారవుతుంది. కొద్దిపాటి వంకరను పిల్లల ఎముక ఎదుగుతూ ఎదుగుతూ సరిదిద్దుకోగలదు కూడా. కండకు ఆ వరం లేదు. చిన్నపాటి గాయాలైతే మానతాయి గానీ, రక్తం అందక పెద్దభాగం చచ్చిపోతే ఆ చోట కండకు బదులు మచ్చ పీచు నిండుతుంది. పీచు లాగలేదు. పైగా నెలలు గడిచేకొద్దీ కురచబడుతుంది, వేళ్లను తనతోపాటు అరచేతిలోకి ముడిచేస్తుంది.

ఇంతకీ రక్తం ఎందుకు ఆగుతుంది? ముంజేతిలో, మోకాలి కింద పిక్కలో కండలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపు చుట్టూ సాగని గట్టి తొడుగు ఉంటుంది. మామూలప్పుడు ఆ తొడుగు లోపలి ఒత్తిడి, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, 10 మిల్లీమీటర్ల లోపే. ఎముక విరిగితే రక్తం కారుతుంది, కండ ఉబ్బుతుంది, తొడుగు మాత్రం సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ఇప్పుడు ఆ తొడుగు మీద వెదురు బద్దలు పేర్చి గుడ్డతో బిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. వాపు మొదటి గంటలోనే పూర్తవదు. ఒకటి రెండు రోజుల దాకా పెరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం సరిగ్గా కట్టిన కట్టు రాత్రికి ఉరి అవుతుంది. "కట్టినప్పుడు బాగానే ఉందండీ" అని అందరూ అనే మాట అబద్ధం కాదు, కానీ దానివల్ల ప్రయోజనం లేదు.

మన ఇళ్లలో పెద్దలు మణికట్టు పట్టుకుని "నాడి కొట్టుకుంటోంది, భయం లేదు" అంటారు. పిల్లలను ముంచుతున్న మాటల్లో ఇదొకటి. పెద్ద ధమనిలో రక్తం పోటు ఎక్కువ, కండలోకి దారితీసే సన్న నాళాల్లో పోటు చాలా తక్కువ. అందుకని సన్న నాళాలు పూర్తిగా మూసుకుపోయి కండ చస్తున్నా, మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటూనే ఉండవచ్చు. నాడి ఆగేదాకా చూశామంటే చెయ్యి అప్పటికే దాటిపోయింది. బీపీలో కింది అంకెకూ, తొడుగు లోపలి ఒత్తిడికీ తేడా 30 కంటే తగ్గితే సర్జన్లు ఆ తొడుగును నిలువునా కోసి ఒత్తిడి వదిలిస్తారు. సకాలంలో చేస్తే చెయ్యి దక్కుతుంది. మరీ ఆలస్యమయ్యాక కోసినా లాభం ఉండదు, చచ్చిన కండకు చీము పట్టే ప్రమాదమే మిగులుతుంది.

ఎక్స్‌రే మీద కూడా మనకు లేనిపోని నమ్మకం ఉంది. ఎక్స్‌రేలో ఎముక స్థితే తెలుస్తుంది. కండ బతికి ఉందో లేదో అందులో కనపడదు. ఫిల్ము బ్రహ్మాండంగా ఉండి, వేళ్లు నల్లబడుతున్న పిల్లవాడు ఉండవచ్చు. చూడాల్సింది వేళ్లను. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబి రంగు తిరిగి రావాలి. రెండో చేతి గోరుతో పోల్చి చూడండి. వేళ్లు చల్లగా ఉన్నాయా, పాలిపోయాయా, నీలంగా మారాయా, తిమ్మిరెక్కాయా, తాకితే తెలుస్తోందా, వాటంతట అవి ముడుచుకుని తెరుచుకుంటున్నాయా? వీటన్నిటికంటే ముందు వచ్చే గుర్తు నొప్పి. దెబ్బకు తగినదానికంటే మించిన నొప్పి. మందు వేసినా లొంగని నొప్పి. మరో మాయ కూడా ఉంది. అంతసేపు ఏడ్చిన పిల్లవాడు చెయ్యి మొద్దుబారాక ఏడుపు మాని నిద్రపోతాడు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. వేళ్లకు స్పర్శ పోయి వచ్చిన ప్రశాంతత అది.

కట్టు విప్పితే ఎముక పక్కకు జరుగుతుందని చాలామందికి భయం. జరగనివ్వండి. జరిగిన ఎముకను మళ్లీ సరిచేయవచ్చు, అవసరమైతే తీగ పెట్టి నిలపవచ్చు. చచ్చిన కండను ఏ సర్జనూ బతికించలేడు.

పిల్లల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది మోచేతికి కాస్త పైన ఎముక విరగడం. ఐదు నుంచి ఏడేళ్ల వయసు వాళ్లలో ఎక్కువ. కింద పడబోతూ చెయ్యి చాచి ఆనించగానే మోచేతి పైన ఎముక పల్చగా ఉండే చోట పుటుక్కున విరుగుతుంది. విరిగిన మొన ముందుకు పొడుచుకు వస్తే సరిగ్గా అక్కడే చేతికంతటికీ రక్తం తెచ్చే ధమనీ, వేళ్లకు వెళ్లే నరమూ ఉంటాయి. అంటే ఏ కట్టూ కట్టకముందే రక్తం ఆగి ఉండవచ్చు. అలాంటి చేతిని బలవంతంగా మడిచి, మెడకు వేలాడదీసి, చుట్టూ గుడ్డ బిగిస్తే ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. మోచేతి దగ్గర ఉబ్బితే దాన్ని లాగవద్దు, మడవవద్దు, సాపు చేయవద్దు. ఎలా ఉన్నది అలాగే ఒక అట్ట మీద ఆనించి, వదులుగా చుట్టి, సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గాజులు, ఉంగరాలు, తాయెత్తు దారాలు వాపు పెరగకముందే తీసేయండి. దారిలో టీ, బిస్కెట్లు పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

కట్టు బిగిసి కండ చచ్చే ఈ జబ్బును 1881లో స్పష్టంగా రాసిపెట్టింది జర్మనీలోని హాలె నగరానికి చెందిన సర్జన్ రిషర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్. రక్తం అందక కండ చచ్చి చెయ్యి కొంకర్లు పోతుందని, దానికి బిగుతు కట్లు కారణమని ఆయన గుర్తించాడు. ఇప్పటికీ వైద్యులు ఆ వంకరను ఆయన పేరుతోనే పిలుస్తారు. మణికట్టు లోపలికి వంగి, వేళ్లు ముడుచుకుని, అన్నం ముద్ద కూడా పట్టలేని చెయ్యి. మనకు కావలసింది ఏమంటే, ఇది కొత్తగా కనిపెట్టిన రోగమూ కాదు, కారణం తేలనిదీ కాదు. కారణం తెలిసి శతాబ్దంన్నర కావస్తోంది.

ఇక నాటు కట్టు గురించి. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని పుత్తూరు పేరు ఎముకల కట్టుకు తరతరాలుగా ప్రసిద్ధి. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలు అక్కడి సామగ్రి. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వచ్చేవారు, వస్తున్నారు. ఎముక జరగకుండా నిలువుగా పగిలినప్పుడు, చిన్న బీట వారినప్పుడు కదలకుండా ఉంచితే చాలు, అతుక్కుంటుంది. అలాంటివి వాళ్ల చేతుల్లో బాగుపడ్డాయనడంలో వింత లేదు, ఎగతాళి చేయాల్సిందీ లేదు. చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఇవాళ రెండు రాష్ట్రాల్లో ఏ పట్నం బస్టాండు దగ్గర చూసినా "పుత్తూరు కట్టు" బోర్డు ఒకటి ఉంటుంది. పుత్తూరు ఏ దిక్కున ఉందో తెలియనివాళ్లు కూడా ఆ బోర్డు పెట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఏది బీటో, ఏది ముక్కలైందో, ఏది ధమనిని నొక్కుతోందో తేల్చకుండా అందరికీ ఒకటే కట్టు, ఒకటే బిగింపు. వేళ్ల కొసల దాకా పసరు పూస్తే రంగు మారినా కనపడదు.

జనం అక్కడికి అజ్ఞానంతో వెళ్తున్నారని తేల్చేయడం పట్నం వాళ్ల అహంకారం. పక్క వీధిలో ఉంటాడు, వెంటనే చూస్తాడు, వందల్లో అయిపోతుంది, కత్తి మాట ఎత్తడు. ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రేకి ఒక లైను, డాక్టరుకి ఒక లైను, పైగా "ఆపరేషన్" అనే మాట. ఆరోగ్యశ్రీలాంటి పథకాలు ఉన్నా ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో చెప్పేవాడు చెయ్యి విరిగిన సాయంత్రం దొరకడు. ఈ తప్పు ప్రభుత్వాలది. నిజం చెప్పాలంటే బిగుతు కట్టు నాటు వైద్యుడి సొత్తు కూడా కాదు. ఆసుపత్రిలో వేసే పిండికట్టూ అంతే ప్రమాదకరం కాగలదు. అందుకే తెలిసిన వైద్యులు మొదటి రోజునే చుట్టూ మూసే కట్టు వేయకుండా, సగం చేతికి మాత్రమే అట్టకట్టు వేసి, వాపు తగ్గాక పూర్తి కట్టు వేస్తారు. రాత్రి నొప్పి పెరిగిందని వెళ్తే పిండికట్టును పొడవునా కోసి, లోపలి దూదిని, గుడ్డను కూడా చర్మం కనిపించేదాకా చీలుస్తారు. పైపైన కోసి లోపలి గుడ్డ వదిలేస్తే చాలదు. అలా వదిలేస్తే మీరే అడగండి, మొహమాటం వద్దు.

ఎముకలు కట్టేవాళ్లను జైళ్లలో పెట్టాలని మేము అనడం లేదు. ఇంగ్లండులో హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) అనే వైద్యుడు తరాలుగా ఎముకలు కట్టే వంశంలో పుట్టినవాడు. తండ్రి డిగ్రీ లేని కట్టుకట్టే మనిషే, కొడుకులను మాత్రం వైద్యం చదివించాడు. ఆ కొడుకు తయారుచేసిన తొడ ఎముక చట్రాన్ని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో వాడుకలోకి తెచ్చాక తొడ విరిగిన సైనికుల మరణాలు బాగా తగ్గాయి. చేతినేర్పుకు చదువు తోడైతే ఏమవుతుందో ఆ ఒక్క కుటుంబం చూపించింది. మన దగ్గర ఆ నేర్పు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. వాళ్లను కూర్చోబెట్టి ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు.

మాలిష్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ ప్రమాదంగా అనుకోరు. మోచేతికి దెబ్బ తగిలి కట్టు విప్పాక చెయ్యి బిగుసుకుపోతుంది. అమ్మమ్మ వేడి నూనెతో తోముతుంది, లేదా మనిషిని పిలిపించి గట్టిగా వంచి లాగిస్తారు. దెబ్బతిన్న కండను అలా నలిపితే ఒక్కోసారి ఆ కండలోనే ఎముక మొలుస్తుంది. అవును, మాంసంలో ఎముక. దాంతో మోచెయ్యి శాశ్వతంగా ఒకే కోణంలో ఇరుక్కుంటుంది. బిగుసుకున్న మోచేతిని పిల్లవాడు తనంతట తాను మెల్లగా ఆడించుకోవాలి. ఇంకొకరు లాగకూడదు.

ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే పసరు, పసుపు, పేడ, ఏదీ పెట్టవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి. ధనుర్వాతం, చీము, కొన్నిసార్లు కాలో చెయ్యో తీసేయాల్సి రావడం ఆ పూతల్లోంచే వస్తాయి.

ముసలివాళ్లు స్నానాల గదిలో జారి లేవలేకపోతే, పాదం బయటికి తిరిగి కాలు పొట్టిగా కనిపిస్తే తుంటి దగ్గర విరిగిందని అర్థం. అక్కడ కట్టు కట్టడానికి చోటే లేదు, నూనె రాస్తే ఒరిగేదీ లేదు. నెలల తరబడి మంచంలో ఉంచితే పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తపు గడ్డలు. వీలైతే రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేయించి లేపి నడిపించాలి. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే" అన్న మాట దయగా వినిపిస్తుంది. ఆపరేషన్ వద్దంటే వాళ్లను మంచానికి అప్పగించడమే. తాటిచెట్టు మీంచో, మేడ మీంచో పడ్డవాళ్లను కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుదేయడం మరో ఘోరం. వెన్నుపూస విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే నడుము కింద చచ్చుబడుతుంది. తలుపు రెక్కో, బల్లచెక్కో తెచ్చి, తలా నడుమూ ఒక్క తీరుగా ఉంచి నలుగురు కలిసి దాని మీదికి దొర్లించండి, లేదా 108 వచ్చేదాకా కదపకండి.

పశువులకూ ఇదే ప్రమాదం, కాస్త వేరే రూపంలో. ఎద్దు ముందు కాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టుకు సమానమైన కీలు. అక్కడి నుంచి గిట్ట దాకా కండ దాదాపు లేదు, ఉన్నది ఎముక, స్నాయువులు, చర్మం. కాలిని ఆడించే కండంతా పైన, ఒంటికి దగ్గరగా ఉంటుంది. కాలు తేలికగా ఉండి పశువు వేగంగా పరిగెత్తగలిగేది అందుకే. ఆ ఏర్పాటు వల్లే రక్తనాళాలకు అక్కడ మెత్త కూడా లేదు. బద్దలు పెట్టి తాడుతో బిగిస్తే గిట్ట చల్లబడుతుంది, తర్వాత ఊడిపోతుంది. మేకకూ దూడకూ ఒళ్లు తేలిక కాబట్టి సరైన కట్టుతో చాలావరకు కోలుకుంటాయి. కట్టిన చోటికి దిగువన వెచ్చగా ఉందో లేదో రోజూ చేత్తో తడిమి చూడాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల ఊరికే వస్తుంది.

ప్రభుత్వాలు ఈ వారంలోనే చేయగలిగింది ఒకటుంది. కొత్త పథకం అక్కర్లేదు. ప్రతి పంచాయతీ గోడ మీద, బడి గేటు మీద, ఆశా కార్యకర్త చేతి కాగితం మీద రెండు వాక్యాలు చాలు: కట్టు తర్వాత నొప్పి పెరిగితే విప్పించండి, వేళ్లు చల్లబడితే 108కి ఫోన్ చేయండి. పండగ మూడు రోజులూ ఏరియా ఆసుపత్రుల్లో ఎముకల డాక్టరు రాత్రి కూడా అందుబాటులో ఉండేలా చూడాలి. డాక్టరు లేడని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపడంలోనే ఆరు గంటలూ కరిగిపోతాయి.

చివరిగా కట్టు కట్టే పెద్దలకు మనవి. మోచేతి పైన విరిగిన పిల్లవాడిని ముట్టుకోకుండా పంపించండి. మిగతావాళ్లకు కట్టినా వేళ్ల కొసలు కనపడేలా వదలండి. ఆ రాత్రి మీ ఫోన్ ఆన్‌లో ఉంచండి. పిల్లవాడు నొప్పికి తట్టుకోలేకపోతున్నాడని ఫోన్ వస్తే ఓర్చుకోమని చెప్పకండి. కట్టు కోసేసి ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి.